దీనమ్మ పేరు చెక్కని బండ

నతానియేలు కొట్టే చర్చి గంట ముద్దనూరు స్టేషను దాకా వినబడేదని, ఒకసారి గూడ్సు రైలు డ్రైవరు దాన్ని విని ఏదో ప్రమాదమనుకుని బండి ఆపేశాడని గుండ్లవంక ఊళ్లో చెప్పుకునేవారు. ఊరికీ స్టేషనుకూ నడుమ రెండు గుట్టలున్నాయని ఎవరైనా గుర్తు చేస్తే, ఆ రోజు గాలి అటువైపు వీచిందని జవాబు వచ్చేది. ఆ కథ పుట్టించినవాడు నతానియేలే. అతని భార్య దీనమ్మ మాత్రం, "రైలు కాదు, పాడు కాదు. ఎద్దుల బండి ఆగింది. అది కూడా ఎద్దు ఉచ్చ పోసుకునేకి" అని వాకిట్లో చాట చెరుగుతూ అందరి ముందూ అనేసేది.

ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరు. దీనమ్మ పోయి పదిహేనేళ్లు దాటింది. గుండ్లవంకే లేదు. గండికోట ఆనకట్ట వెనక నీళ్లు వచ్చి ఊరు మునిగింది. జనం జమ్మలమడుగు దగ్గర కొత్త కాలనీకి చేరారు. వస్తూ వస్తూ హిందువులు గుడిలోని రాతిని తెచ్చుకున్నారు, ముస్లిములు పీర్ల చావిడి తలుపులు తెచ్చుకున్నారు, క్రైస్తవులు గంటను ట్రాక్టరు మీద కట్టుకుని తెచ్చుకున్నారు. కాలనీలో చర్చి అంటే రేకుల షెడ్డు. దాని ముందు ఇనుప గుంజకు గంట వేలాడుతుంది. సిమెంటు లారీల రొదలో దాని మోత కమాల్ బాషా టీ అంగడి దాటి పోదు.

నతానియేలును కాలనీలో అందరూ నతానప్ప అంటారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. చిలమకూరు వైపు నాపరాతి గనుల్లో బండలు కోసి కోసి చేతులు కూడా బండల రంగుకే తిరిగాయి. పిల్లలు లేరు. వండుకుంటాడు, తింటాడు, గంట కొడతాడు. ఆదివారం సాయంత్రం మాత్రం అతనికొక పని ఉంటుంది. కాలనీ వెనక సమాధుల దొడ్డికి పోయి, దీనమ్మ దిబ్బ పక్కన కూర్చుని, వారంలో జరిగిందంతా చెబుతాడు. ఎవరింట్లో ఎవరు అలిగారు, పాలలో నీళ్లు ఎంత పెరిగాయి, అయ్యగారు ప్రసంగంలో ఎక్కడ తడబడ్డారు, అన్నీ. జరిగినవి తక్కువైతే జరగనివి కొన్ని కలుపుతాడు.

తిరిగి వచ్చేటప్పుడు కమాల్ బాషా అంగడి ముందు ఆగాల్సిందే. బాషా కూడా గుండ్లవంకవాడే. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు మామా అనే పిలుచుకుంటారు.

"ఏం మామా, అత్తకు పేపరంతా సదివి వినిపిస్తివా?" అని బాషా గ్లాసు అందిస్తాడు.

"నీ టీ గురించి కూడా సెప్పినా. అది తాగేదానికన్నా నేనుండే సోటే నయమనింది."

ఈస్టరుకు ఏడు వారాల ముందు, లెంటు ఉపవాసాలు మొదలైన రోజుల్లో, చర్చి అయ్యగారు జయపాల్ ఒక మాట ఎత్తారు. ఊరు ఖాళీ చేసే రోజుల్లో క్రైస్తవ కుటుంబాలు తమవాళ్ల సమాధులు తవ్వి, ఎముకలను చిన్న పెట్టెల్లో పెట్టి, ఇక్కడికి తెచ్చి మళ్లీ పూడ్చుకున్నాయి. నాలుగేళ్లయినా ఆ దిబ్బల మీద పేర్లు లేవు. ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి పోయే ఆనవాయితీ ఉంది గదా, అప్పటికి ఒక్కొక్క దిబ్బకు ఒక్కొక్క నాపబండ, దాని మీద పేరు ఉంటే బాగుంటుందన్నారు.

"చెక్కేది నువ్వే నతానప్పా. నీకన్నా ఎవరున్నారు?"

నతానప్ప సంతోషంగా ఒప్పుకున్నాడు. బాషా అంగడి పక్కన చెట్టు నీడలో బండలు పరిచాడు, ఉలికి పదును పెట్టాడు. మొదటి వారం ఊరి పెద్దల పేర్లు అయిపోయాయి. తరువాత దీనమ్మ బండను ముందుకు లాక్కున్నాడు. మంచి బండ. నల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది. సున్నపు ముక్కతో దాని మీద అక్షరాలు గీసుకుంటున్నాడు.

బాషా టీ గ్లాసులు కడుగుతూ ఊరికే ఉండలేకపోయాడు. "మామా, తొందరపడి పేరు సెక్కేవు. ఆ పెట్టెలో ఉండేది అత్తేనా? ఆ వానలో, ఆ బురదలో పక్కపక్కనే పూడ్సిరి గదా, మేకల యోనాగాన్ని గానీ తవ్వి తెచ్చినావా? నాలుగేండ్లుగా వానికి కబుర్లు సెప్తాండావేమో సూసుకో!"

అంగడి దగ్గరున్న నలుగురూ నవ్వారు. నతానప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే సున్నపు ముక్క కింద పెట్టాడు. మళ్లీ తీయలేదు.

బాషాకు తెలియని సంగతి ఒకటి ఉంది.

దీనమ్మ పోయిన వారం నతానియేలు ఊళ్లో లేడు. చిలమకూరు దగ్గర గనిలో ఉన్నాడు. ఊళ్లో విషజ్వరం. పైన విడవకుండా వాన. ఊరి ముందు వంక పొంగి దారి తెగింది. కబురు అందేసరికి ఆలస్యమైంది, కబురు అందాక వంక దాటేసరికి ఇంకో రోజు పోయింది. అతను వచ్చేసరికి పూడ్చేశారు. అదే రోజు అదే జ్వరంతో యోనా కూడా పోయాడు. యోనా అంటే నతానియేలుకు బతుకంతా పడలేదు. యోనా మేక ఒకసారి చర్చి గంట తాడు నమిలి మింగింది. ఆ మేకను కోస్తే లోపల గంట మోగుతుందని నతానియేలు ఊరంతా చెప్పాడు. ఆ పైన ఇద్దరికీ మాటల్లేవు. అలాంటి యోనాను, దీనమ్మను, ఆ వానలో పక్కపక్కనే పూడ్చారు. మరునాడు నతానియేలు పోయి చూస్తే రెండు దిబ్బలూ ఒకే తీరున, ఒకే ఎత్తున, ఒకే బురదగా ఉన్నాయి. దీనమ్మ అక్క జ్ఞానమ్మ అతని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, "ఇదప్పా, వేపచెట్టు పక్కది" అని చూపించింది. అతను నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

ఊరు వదిలేటప్పుడు వేపచెట్టు పక్క దిబ్బనే తవ్వాడు. యోనా కొడుకు బెంగుళూరు నుంచి రాలేదు. యోనా అక్కడే నీళ్ల కింద ఉండిపోయాడు. తవ్వినప్పుడు ఎముకల నడుమ నతానియేలు చేతికి రెండు గుండీలు తగిలాయి. మగవాళ్ల చొక్కాకు ఉండే తెల్ల గుండీలు. దీనమ్మ రవికకు హుక్కులు గదా. ఆ రోజు ట్రాక్టరువాడు తొందర పెడుతున్నాడు. నతానియేలు గుండీలను జేబులో వేసుకున్నాడు, పెట్టె మూశాడు. ఇంటికొచ్చి వాటిని పొడుం డబ్బీలో వేసి, డబ్బీని దూలం మీద పెట్టి, దూలం వైపు చూడకుండా నాలుగేళ్లు గడిపాడు.

బాషా నవ్వులాటకు అన్నది ఆ డబ్బీ మూత ఊడదీసింది.

ఆ ఆదివారం సాయంత్రం అతను సమాధుల దొడ్డికి పోయాడు గానీ నోరు పెగల్లేదు. కింద ఉన్నది యోనా అయితే? నాలుగేళ్లుగా "ఏమే, అన్నం తింటివా" అని తను గోముగా అడిగింది ఆ మేకలవాణ్ణా? అది తలచుకుంటే నవ్వొచ్చింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చి నవ్వును మింగేసింది. ఇక్కడ యోనా ఉంటే, దీనమ్మ ఎక్కడున్నట్టు? అంత లోతు నీళ్ల కింద, ఊరంతా వదిలేసి పోయినచోట, ఒక్కతే. ఆమెను అక్కడ వదిలి తన పగవాణ్ణి పెట్టెలో పెట్టుకుని తెచ్చినట్టు.

మరుసటి ఆదివారం పోలేదు. ఆ మరుసటి ఆదివారమూ పోలేదు. చెప్పుకునే చోటు లేక మాటలన్నీ లోపలే పేరుకున్నాయి. వండుకోవడం తగ్గించాడు. బాషా అంగడి ముందు తలొంచుకుని పోతున్నాడు. మిగతా బండలన్నీ చెక్కేశాడు. దీనమ్మ బండ ఒక్కటే నల్లగా, ఖాళీగా, చెట్టుకు ఆనుకుని ఉంది.

ఆ రోజుల్లోనే ప్రొద్దుటూరులో ఒక చర్చి హాల్లో మూడు రోజుల కూటాలు పెట్టారు. క్రీస్తు తిరిగి లేచాడనడానికి చరిత్రలో ఆధారాలేమిటి అన్నది విషయం. జయపాల్ అయ్యగారు వ్యాను మాట్లాడి కాలనీ వాళ్లను తీసుకుపోయారు. నతానప్ప కిటికీ పక్కన కూర్చుని ఒక్క కథ కూడా చెప్పకుండా ప్రొద్దుటూరు చేరాడు. అతను వ్యానులో మౌనంగా కూర్చోవడం అదే మొదటిసారని వెనక సీటు వాళ్లు చెప్పుకున్నారు.

మాట్లాడింది కర్నూలు కాలేజీలో చరిత్ర చెప్పే సామ్యేలు సారు. గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ నిదానంగా చెప్పాడు. ఏసును పూడ్చిన చోటును చూసింది ఆడవాళ్లు. మూడో రోజు పొద్దున ఖాళీ సమాధిని మొదట చూసిందీ ఆడవాళ్లే. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువ. కథ అల్లేవాడైతే ఊళ్లో పేరున్న మగవాళ్లను సాక్షులుగా పెట్టుకునేవాడు. ఆడవాళ్లను పెట్టారంటే జరిగింది అదే కాబట్టి పెట్టారు. సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్ల పేర్లు ఒక సువార్తలో ఒక రకంగా, ఇంకోదాంట్లో ఇంకో రకంగా ఉన్నాయి. అయినా అసలు సంగతి అందరూ ఒకటే చెబుతున్నారు. నలుగురు సాక్షులు అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెబితే పోలీసులు కూడా అనుమానిస్తారు.

ప్రశ్నలు అడగవచ్చని మైకు తిప్పారు. నతానప్ప లేచాడు. జయపాల్ అయ్యగారు ముందు జాగ్రత్తగా తల వంచుకున్నారు.

"సారూ, ఆ ఆడోళ్లు అబద్ధమాడినారని నేననడం ల్యా. పొరబాటు పడింటే? దుక్కంలో ఉండారు. ఏడ్సి ఏడ్సి కండ్లు వాసి ఉండాయి. ఇంగా తెల్లారల్యా. ఒక సమాధి అనుకోని ఇంగొగ సమాధి కాడికి పోయింటే?"

హాల్లో నవ్వులు లేచాయి. సామ్యేలు సారు నవ్వలేదు.

"పెద్ద పెద్ద పండితులు అడిగిన ప్రశ్నే అడిగినారు తాతా. అట్ల పొరబాటు పడి ఉంటే, వాళ్లంటే గిట్టనివాళ్లు అసలు సమాధి ఇదిగో అని చూపించి నోళ్లు మూయించేవాళ్లు. ఎవరూ చూపించలేదు. పైగా ఖాళీ సమాధిని చూసి మాత్రమే వాళ్లు నమ్మలేదు. ఆయన్నే మళ్లీ చూశామన్నారు. ఆ మాట కోసం చావుకు కూడా సిద్ధపడినారు."

"మరి అసలు సమాధి నీళ్లలో పోతే, సారూ? సూపించేటోళ్లే లేకపోతే?"

ఈసారి ఎవరికీ అర్థం కాలేదు. సారు అతని ముఖం చూశాడు, కూటం అయ్యాక మాట్లాడదాం ఉండమన్నాడు.

టీ తాగుతూ నతానప్ప చెప్పేశాడు. ఎవరికీ చెప్పని గుండీల సంగతి, ముఖమెరుగని మనిషికి చెప్పాడు. సారు అంతా విన్నాడు.

"చూపించిన జ్ఞానమ్మగారు ఉన్నారా?"

"పోయింది."

"ఆ రోజు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

"అంకాలమ్మ ఉండె. గొర్రెలు కాసే ఆయమ్మ. దీనమ్మకు శానా సావాసం. ఇప్పుడు పులివెందుల్లో కొడుకు కాడ ఉండాది."

"అయితే పోయి అడగండి. ఒకటే జాగ్రత్త. గుండీల సంగతి మీరు చెప్పొద్దు. వేపచెట్టు సంగతీ చెప్పొద్దు. ఆమె నోట్లో మీరు మాట పెడితే, మీ మాటే మీకు తిరిగొస్తుంది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని, ఊరుకోండి."

"ఆయమ్మ సెప్తే తేలిపోతాదా సారూ?"

"నేను ముప్పై ఏళ్లుగా చరిత్ర చదువుతున్నాను తాతా. ఆధారాలు బస్సు లాంటివి. క్రాసు రోడ్డు దాకా దించుతాయి. అక్కడి నుంచి మా ఇంటికి నేనూ నడిచే పోయినాను. కానీ బస్సు ఎక్కకుండానే ఇల్లు చేరినామనుకునేవాళ్లను చూస్తే నాకు భయం."

పోయి అడగడం తేలిక. జవాబు వినడమే కష్టం. నతానప్ప రెండు వారాలు పులివెందుల బస్సును రోజూ చూసి పంపేశాడు. అడగనంతవరకు ఆ దిబ్బ కింద సగం దీనమ్మ అయినా ఉంది. అడిగితే ఆ సగం కూడా పోవచ్చు. చివరికి బాషాయే అంగడిలోంచి బయటికి వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మామా, నేనేదో కూసినా. మర్సిపో. నీ గ్లాసు ఎవురికీ ఇయ్యకుండా పక్కన పెట్టినా, దానికి దుమ్ము పట్టె."

"నువ్వు కూసింది నేను శానా కాలంగా అనుకుంటాండేదే మామా."

"యా అల్లా! అనుకుంటే నాతో అనకూడదా?"

"అంటే నిజమైపోతాదని."

బాషా చేతిలో ఉన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పొద్దున బస్సు ముద్దనూరు మీద పోతాది. నేనూ రానా?"

"వద్దు."

ముద్దనూరు దాటాక ఎండ ఎక్కింది. గుట్టలు దిగి పులివెందుల పొలిమేర వచ్చేసరికి రోడ్డుకు ఇరుపక్కలా బత్తాయిలు వేలాడే చీనీ తోటలు. అంకాలమ్మ కొడుకు తిరుపాల్ ఒక తోటకు కాపలా ఉంటూ, తోట పక్కనే ఇల్లు వేసుకున్నాడు. అంకాలమ్మ వసారాలో గోనెపట్టా మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. గొర్రెల మంద పోయింది. ఇప్పుడు ఆమె చేతి కింద ఉన్నవి రెండు మేకలు. కళ్లకు ఆపరేషను జరిగినా చూపు మసకే.

"ఎవురూ?"

"నేను, అంకాలమ్మా."

ఆమె చేతిలో కాయ ఆగింది. "గంట నతానప్పా? ఓయబ్బా! బతికే ఉండావా! మహేశ్వరీ, మజ్జిగ తేమ్మే. మా ఊరి గంట వచ్చింది."

కోడలు మహేశ్వరి మజ్జిగ తెచ్చిచ్చి, మేకలను నీళ్లకు తోలుకుపోయింది. ఊరి కబుర్లు, చచ్చినవాళ్ల పేర్లు, బతికినవాళ్ల రోగాలు అయిపోయాయి. అప్పుడు నతానప్ప అడిగాడు.

"అంకాలమ్మా, దీనమ్మను పూడ్సిన దినం ఏం జరిగిందో సెప్పు."

"ఇప్పుడేలప్పా అది?"

"సెప్పు. నేను లేను గదా."

అంకాలమ్మ కాయలు ఒలవడం మానలేదు. "వాన. ఏం వాననుకున్న్యావు! గొర్రెలన్నీ ఆ తుమ్మసెట్టు కింద ముడుసుకోని నిలబడుకోనుండె. నేను వాటి కాడ ఉండా. ఆ తుమ్మసెట్టు పక్కనే తవ్విరి."

తుమ్మచెట్టు! అక్కడ ఉన్నది వేపచెట్టు. తుమ్మచెట్టు ఎప్పుడూ లేదు. అది వేపచెట్టు కాదా అని నతానప్ప అడగబోయి, సారు మాట గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. మజ్జిగ గ్లాసును రెండు చేతులా పట్టుకుని ఊరుకున్నాడు.

"ముందు దీనమ్మను తెచ్చిరి. మద్దేనం పైన యోనాగాన్ని. వాని కొడుకు వాన్ని ఇంట్లో దాసిపెట్టిన కొత్త తెల్లగుడ్డలో బిగించి సుట్టుకోని తెచ్చినాడు. ఎంటికె కూడా కనపడల్యా. బతికినన్నాళ్లు వానికి ఒంటి మీద గుడ్డ నిలిచిందా? సచ్చినాక వాడే పెండ్లికొడుకు మాదిరి ఉండాడు." ఆమె పళ్లు లేని నోటితో నవ్వి, మళ్లీ ఆగింది. "దీనమ్మకు కొత్త గుడ్డ యాడ తెస్తామప్పా? దారి తెగె, అంగళ్లు లేవు. ఒంటి మీద ఉండేదాన్తోనే పెట్టినాం. నీ సొక్కా."

నతానప్ప గ్లాసు కింద పెట్టాడు.

"నా సొక్కానా?"

"నీదే. కలుపు తీసేకి సీర మీద యేసుకోని వచ్చేది సూడు, ఆ పాత సొక్కా. జరం వచ్చినప్పుడు సలి సలి అని అదే తెమ్మనింది. తొడిగినాం. ఇంగ తీయనియ్యల్యా. పోయినాక జ్ఞానమ్మ తీసేద్దామనె. నేనే వద్దన్న్యా. కావాలనుకోని యేసుకునింది, ఉండనీలే అన్న్యా. తప్పా?"

"తప్పు కాదు," అన్నాడు నతానప్ప. ఆ పైన, "దానికి గుండీలు ఉన్న్యాయా?" అన్నాడు.

"సొక్కాకు గుండీలు ఉండక కొమ్ములుంటాయా! ఎన్ని ఊడిపోయినాయో, ఎన్ని ఉన్న్యాయో నేను సూసినానా?"

అంకాలమ్మ ఒలిచిన గింజలు గుప్పెడు తీసి అతని చేతిలో పోసింది. అతని అరచెయ్యి ఎక్కడుందో తడిమి తెలుసుకుని పోసింది.

"ఒగటి సెప్పనా నతానప్పా. నీ మింద కోపం యేమీ లేదు ఆయమ్మకు. అడుగుతానే ఉండె. వంక దిగిందా, వంక దిగిందా అని. నేను వాకిట్లోకి పోయి సూసొచ్చి, ఇంగా దిగల్యామ్మే అంటా. కండ్లు మూసుకుంటాది. మళ్లా అడుగుతాది. వంక దిగితే నువ్వు వస్తావని."

పులివెందుల నుంచి తిరుగు బస్సులో కండక్టరు రెండుసార్లు అడిగితే గానీ నతానప్ప టికెట్టు తీయలేదు. తీసింది ముద్దనూరుకు. అక్కడ దిగి, ఎందుకు దిగాడో తనకే తెలియక, ఎండలో నిలబడి ఇంకో బస్సు కోసం కాచుకున్నాడు. గనిలో ఉన్నప్పుడు ఆ వారమంతా అతను ఏం చేశాడో గుర్తుకు తెచ్చుకున్నాడు. వానకు పని ఆగిపోయి షెడ్డులో కూర్చుని, తోటివాళ్లకు గూడ్సు రైలు కథ చెప్పాడు. బాగా నవ్వారు.

కాలనీకి చేరగానే డబ్బీ తెచ్చి బాషా ముందు బల్ల మీద రెండు గుండీలు పెట్టి, మొత్తం చెప్పాడు. బాషా ఒక గుండీని వెలుతురుకు పట్టి చూశాడు. నతానప్పను సంతోషపెట్టాలని ఉన్నా, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మామా, కోప్పడాకు. ఊర్లో కలుపుకు పోయే ఆడోళ్లంతా మొగోళ్ల సొక్కాలే యేసుకుంటాండ్రి. వేరే ఎవురో ఆడమనిసి పాత సమాధి అయినా కావచ్చు. ముసిలామెకు సెట్టే గుర్తు లేకపాయె, సొక్కా గుర్తుందంటే నమ్మేదెట్ల?"

"సెట్టుతో ఆయమ్మకేం పని మామా? అది ఎవురికి గుర్తుంటాది? సొక్కా గురించి దీనమ్మతో మాట్లాడింది ఆయమ్మ, తీయొద్దని జ్ఞానమ్మతో కొట్లాడింది ఆయమ్మ. గుండీల సంగతి నేను సెప్పల్యా. అడగనే ల్యా. ఆయమ్మే తెచ్చి నా ముందర పెట్టె."

"అయితే ఇంగ అనుమానం లేనట్టేనా?"

నతానప్ప గుండీలను మళ్లీ డబ్బీలో వేశాడు. "ఉండాది. ఇంత ఉండాది." చిటికెన వేలి గోరు చూపించాడు. "దాన్నెత్తుకోనే పోవాల. ఇంగెంత దూరం పోయినా అది పోదు."

బాషా లోపలికి పోయి, దుమ్ము పట్టిన గ్లాసు కడిగి, టీ పోసుకొచ్చాడు. "నాకైతే అది అత్తే," అన్నాడు. "నీ సొక్కా యేసుకునే దైర్యం ఇంగెవురికుంటాది?"

మరునాడు చెట్టు నీడలో ఉలి మోగింది. దీనమ్మ అన్న మూడక్షరాలు, వాటి పైన సిలువ. మూడక్షరాలకు పొద్దంతా పట్టింది. ఒక్కొక్క అక్షరం చెక్కి, లేచి, దూరం నుంచి చూసి, మళ్లీ కూర్చున్నాడు. సాయంత్రం మిగిలిన ఒక చిన్న బండ ముక్కను కూడా ముందుకు లాగాడు. బాషా తొంగి చూస్తే దాని మీద యోనా పేరు ఉంది.

"ఇదేంది మామా! వాడు నీళ్లలో ఉండాడు గదా?"

"ఎవురో ఒగరు నీళ్లలో ఉండారు. వాని కొడుకు రాకపాయె. పేరన్నా ఈడ ఉండనీ. మేక సంగతి మాత్రం నేను మర్సిపోల్యా, అదీ సెప్పుకో."

ఈస్టరు రోజు తెల్లవారుజామున నతానప్ప గంట కొట్టాడు. లారీలు ఇంకా రోడ్డెక్కలేదు. ఆ ఒక్క రోజు గంట మోత కాలనీ అంతా వినబడింది. జనం కొవ్వొత్తులతో సమాధుల దొడ్డికి వచ్చారు. పేర్లున్న బండల మీద మైనం కార్చి కొవ్వొత్తులు నిలబెట్టారు. జయపాల్ అయ్యగారు, ఆ పొద్దున ఆడవాళ్లు సమాధి దగ్గరికి వచ్చిన సంగతి చదివారు, ప్రార్థన చేశారు. క్రీస్తు లేచాడని ఒకరికొకరు చెప్పుకుని చేతులు పట్టుకున్నారు. తెల్లవారింది. పిల్లలకు ఆకలైంది. ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు.

నతానప్ప పోలేదు. యోనా చిన్న బండ మీద కూడా ఒక కొవ్వొత్తి ముక్క పెట్టి వచ్చి, దీనమ్మ బండ పక్కన కూర్చున్నాడు. ఐదు వారాల తరువాత కూర్చున్నాడు. అక్షరాల గాడిలో చేరిన రాతిపొడిని వేలితో తుడిచాడు. పొడి పోయినా తుడుస్తూనే ఉన్నాడు.

"దీనా," అన్నాడు చివరికి. "వంక దిగింది. వచ్చినా."

కొవ్వొత్తి అయిపోయేదాకా చూశాడు. తరువాత, ఇన్ని వారాల కబుర్లలో ఏది ముందు చెప్పాలో తోచక, ముద్దనూరు గూడ్సు రైలు కథ ఎత్తుకున్నాడు. రైలు ఆగిన చోటికి వచ్చి, కొంచెంసేపు ఆగాడు. దీనమ్మ ఎప్పుడూ అడ్డుపడేది అక్కడే.